ఒక నవలకు ఒకటే అభిప్రాయం

పాలవెల్లిపాలెం శాఖా గ్రంథాలయంలో ప్రతి ఆదివారం మూడు గంటలకు నవలల మీద తగువు జరిగేది. దాన్ని పాఠకుల సంఘం అనేవారు. సంఘానికి రిజిస్ట్రేషను లేదు, అధ్యక్షుడు లేడు, బ్యానరు లేదు. ఉన్నది పదకొండుమంది మనుషులు, తొమ్మిది కుర్చీలు. ఆలస్యంగా వచ్చిన ఇద్దరూ వారపత్రికల బల్ల మీద సర్దుకునేవారు.

గ్రంథాలయాధికారిణి తులసీరత్నం. మూడో గ్రేడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె పుచ్చుకున్న మెమో ఒక్కటే. గ్రంథాలయం లోపల టీ తాగనిచ్చినందుకు ఇచ్చారు దాన్ని. అప్పటినుంచి పైనుంచి ఏ కాగితం వచ్చినా రెండుసార్లు చదివి, మూడోసారి అక్షరం కింద వేలు పెట్టి చదివేది. ఆదివారం తగువులో మాత్రం ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ప్రభుత్వ ఉద్యోగికి నవలల మీద అభిప్రాయం ఉండొచ్చో లేదో ఏ కాగితంలోనూ రాసిలేదు మరి.

ఆ వేసవిలో సంఘం చదివిన నవల పేరు 'ఆరో నంబరు లాకు'. కాలువ మీద లాకు కాపలాదారు పెళ్లాం పార్వతాలు కథ అది. వరదొచ్చిన రోజు మొగుడు ఊళ్లో లేకపోతే, తనే చక్రం తిప్పి లాకు తలుపులెత్తి, నీళ్లని కామందు చేలమీదికి మళ్లించి, పల్లంలో ఉన్న పేటని కాపాడుతుంది. దాంతో మొగుడి ఉద్యోగానికి ఎసరొస్తుంది. చివర్లో రేవులోకి ఒక పడవ వస్తుంది. పడవ కదిలిందని రాశాడుగానీ, అందులో ఎవరున్నారో రాయలేదు రచయిత. ఆ ఒక్క పేజీ మీద సంఘం నాలుగు ఆదివారాలు కొట్టుకుంది.

"ఎక్కేసిందండీ," అనేది రిటైరైన నర్సు మేరీ సరోజిని. "ఎక్కకపోతే ఆ మొగుడి మొహం చూస్తా కూర్చుంటుందా?"

"ఎక్కిందని ఏ పేజీలో ఉందమ్మా? ఆధారం చూపించండి," అనేవాడు లెక్కల సోమయాజులు మాస్టారు.

"ఎక్కలేదని ఏ పేజీలో ఉందో ముందు మీరు చూపించండి."

ఈ గొడవ ఒక విలేఖరి చెవిన పడింది. ఆ రోజు అతనికి వేరే వార్త దొరకలేదు కాబోలు, 'నవలపై పాలవెల్లిపాలెంలో రగడ' అని జిల్లా పేజీలో వేయించాడు. కత్తిరింపు జిల్లా కార్యాలయానికి చేరింది. పది రోజుల్లో ఉత్తర్వు దిగింది.

"ఇందుమూలముగా సమస్త శాఖా గ్రంథాలయాధికారులకు తెలియజేయడమేమనగా, నవలలపై పాఠకుల అభిప్రాయములు క్రమబద్ధము కాని రీతిలో వ్యక్తమగుచున్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. కావున పఠనాభిప్రాయ క్రమబద్ధీకరణ పథకం కింద ప్రతి నవలకు ఒక అభిప్రాయం నిర్ధారించి, జతపరచిన నమూనాలో పంపవలెను. అభిప్రాయ నిర్ధారణ కాని నవలను ఎవ్వరికినీ ఇవ్వరాదు. ఇచ్చియున్నచో వెనుకకు రప్పించవలెను."

కింద ఉపసంచాలకులు మల్లంపాటి విశ్వంభరరావు గారి సంతకం, తారీఖు కన్నా పెద్దగా.

తులసీరత్నం ముమ్మారు చదివింది. ఆ ఆదివారం సంఘాన్ని కూర్చోబెట్టి, ఎలాగైనా ఒక మాట మీదికి రమ్మని బతిమాలింది. సరోజిని రాలేదు, మాస్టారూ రాలేదు. ఆటో నడిపే కొండలు మధ్యస్థం చేయబోయాడు.

"పోనీ ఒక కాలు పడవలోనూ ఒక కాలు గట్టుమీదా వేసిందని రాసేయండి మేడమ్."

"పడవ కదిలిందని రాసుంది కదయ్యా, నీళ్లలో పడిపోదూ?" అన్నారు మిగతావాళ్లు. గంటన్నర గడిచింది. తులసీరత్నం చేసేదిలేక రెండు అభిప్రాయాలూ రాసి పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. "నమూనాలో గడి ఒకటే ఉన్నది. ఒక నవలకు రెండు అభిప్రాయములు నమోదు చేయుట సాధ్యపడదు. మీ శాఖ యందు సదరు నవల రెండవ ప్రతి ఏమైనా ఉన్నదా? తెలుపగలరు."

లేదని తెలియజేసుకుంది. దాంతో నవల వివాదాస్పదం అయింది. డివిజను ఆఫీసు మనిషొకడు వచ్చి, అటువంటి పుస్తకాల కోసం ఒక బీరువా కేటాయించి, లక్కతో సీలు వేస్తానన్నాడు. కానీ 'ఆరో నంబరు లాకు' బీరువాలో లేదు. దర్జీ మస్తాన్ వలీ దగ్గరుంది.

మస్తాన్ వలీ బజారు వెనక సందులో మిషను కుడతాడు. అతని భార్య జైనబ్బీకి రెండు నెలల కిందట తుంటి విరిగింది. మంచం దిగే వీల్లేదు. ఆమెకు చదువు రాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వలీ మిషను ఆపి, రోజుకి పది పేజీలు చదివి వినిపించేవాడు. వినడానికి సందులో ఆడవాళ్లు కూడా కిటికీ దగ్గర చేరేవారు. తులసీరత్నం మనిషిని పంపలేక తనే వెళ్లి అడిగింది. వలీ మారుమాట లేకుండా ఇచ్చేశాడు. చదువుతున్న చోట రవికగుడ్డ ముక్క గుర్తు పెట్టి ఉంది. ఇంకా ముప్ఫై పేజీలున్నాయి.

"తొందరగా తేల్చండమ్మా," అన్నాడు. "ముందే మంచమ్మీద మనిషి. పార్వతాలు ఏమైపోయిందో అని పొద్దుగూకులూ అదే ధ్యాసండి."

పుస్తకం బీరువాలోకి చేరింది, సీలు పడింది. నెలకి రెండో ఉత్తర్వు వచ్చింది. మొదటిది తులసీరత్నానికి అర్థమైంది. ఇది వేలు పెట్టి చదివినా కాలేదు.

"జిల్లా వ్యాప్తముగా జరిపిన అధ్యయనంలో తేలినదేమనగా, భేదాభిప్రాయములు నమోదైన ప్రతి సందర్భమునందును, అభిప్రాయం వెలిబుచ్చిన వ్యక్తులు సదరు నవలను ముందుగానే చదివి ఉన్నారు. చదవనివారి మధ్య భేదాభిప్రాయం ఒక్కటి కూడా నమోదు కాలేదు. కావున నవలను చదివినవారిని స్వప్రయోజనం గల పక్షముగా పరిగణించి, అభిప్రాయ నిర్ధారణ నుండి తప్పించడమైనది. ఇకమీదట నిర్ధారణ సంఘమునందు చదవనివారు మాత్రమే ఉండవలెను. ఈ నిబంధన ఏ హోదాలో ఉన్నవారికైనను వర్తించును."

జిల్లా కార్యాలయానికి ఫోను చేసింది. సూపరింటెండెంటు ఓపిగ్గా చెప్పాడు.

"చూడండి మేడమ్, జడ్జీగారు సొంత బావమరిది కేసు విచారిస్తారా? విచారించరు కదా. ఇదీ అంతే."

ఫోను పెట్టేశాక అరగంటదాకా ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. ఆ తర్వాత ఎందుకో తల నొప్పి పుట్టింది.

చదవలేదని ఊరికే చెబితే చాలదు. అపఠన ధ్రువీకరణ పత్రం తేవాలి. ఇరుగుపొరుగువాళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు పెడితే రెవెన్యూ ఆఫీసులో ఇస్తారు. అక్కడ వారం రోజులు వరస కట్టారు జనం. ఏనాడూ గ్రంథాలయం గడప తొక్కనివాళ్లు కూడా ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చారు. ఎరువుల కొట్టు నూకరాజుకి మాత్రం విచారణ కూడా అక్కర్లేకుండా ఇచ్చారు.

"మనకి సర్టిఫికెట్టు ఎందుకండీ, ఊరంతటికీ తెలుసు," అన్నాడు నూకరాజు. ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

కొత్త సంఘం ఒక మంగళవారం సమావేశమైంది. ఐదుగురికీ ఐదు కుర్చీలు, మంచినీళ్లు, వెనకాల బ్యానరు. తులసీరత్నం ఒక్కొక్క నవలా తెచ్చి బల్ల మీద పెట్టింది. తెరవకూడదు కాబట్టి నూకరాజు అరచేతిలో పెట్టుకుని తూచాడు.

"ముప్పావు కేజీ తగ్గదండి ఇది. పెద్దాళ్లకి ఇవ్వచ్చు."

"అట్ట మీద వాన పడతా ఉంది," అన్నాడు పక్క కుర్చీలోని లాడ్జీ యజమాని. "జలుబు మనుషులకి వద్దు."

నూట పన్నెండు నవలలూ సాయంత్రం ఐదింటికల్లా తేలిపోయాయి. అన్నిటికీ ఒకే అభిప్రాయం, ఏకగ్రీవం: 'మంచిదే, అయితే అందరికీ కాదు.' జిల్లాలో ఇంత వేగం మరెక్కడా లేదని అభినందన పత్రం వచ్చింది. తులసీరత్నం దాన్ని ఎక్కడ తగిలించాలో తోచక సొరుగులో పెట్టింది.

అందరికీ కాకపోతే మరి ఎవరికి? దానికి సిఫారసు పత్రాలు పుట్టాయి. ఎవరికి ఏ నవల ఇవ్వాలో సంఘమే రాసిస్తుంది. ఆటో కొండలుకి పేరులో దారి ఉన్న నవల ఇచ్చారు. లెక్కల మాస్టారికి పేరులో అంకె ఉన్నది. సరోజినికి వయసు పైబడిందని బాగా పల్చటిది. మస్తాన్ వలీ దరఖాస్తు పెట్టుకుంటే పేరులో దారం ఉన్న నవల చేతికొచ్చింది.

"ఇది కాదండి నేనడిగింది. లాకు నవలండి."

నూకరాజు కాగితం చూసి చెప్పాడు. "అది నీటిపారుదల శాఖవాళ్లకి సిఫారసు అయిందయ్యా. వాళ్లు వచ్చేదాకా బీరువాలోనే సీలుతో ఉంటుంది. నీకు కాలువలతో ఏం పని?"

"పనేం లేదండి. ముప్ఫై పేజీలున్నాయండి."

"ఆయ్, అదే చెబుతున్నాను. పని లేదు కదా."

ఆ సాయంత్రం తులసీరత్నం ఇంటికి పోతూ పోతూ వలీ సందులోకి తిరిగింది. కథ తను చెప్పేస్తే సరిపోతుందనుకుంది. ఆ నవల ఆమె మూడుసార్లు చదివింది. జైనబ్బీ మంచమ్మీద దిళ్లకి ఆనుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"కూర్చోండమ్మా. నర్సమ్మగారు వచ్చి, ఎక్కేసిందని చెప్పి వెళ్లారు. మాస్టారుగారు కిటికీలోంచి, ఎక్కలేదని చెప్పి వెళ్లారు. మీరేం చెబుదామని వచ్చారు?"

తులసీరత్నం మంచం పక్కన కూర్చుని తనూ ఒక చిక్కుడుకాయ అందుకుంది.

"మీరెవరేం చెప్పినా అది మీ పార్వతాలమ్మా," అంది జైనబ్బీ. "నాకు పుస్తకంలో పార్వతాలు కావాలి. ఆయన గొంతుతో వింటాను. విన్నాక నాకేం తోస్తుందో నేనూ చెబుతాను. నా మాట కూడా ఒకటుంటుంది కదమ్మా?"

ఆ మాట తులసీరత్నాన్ని పట్టుకుని వదల్లేదు. అన్నం తింటున్నా అదే, రిజిస్టరు రాస్తున్నా అదే. ఉత్తర్వుల ఫైలు ఇంటికి పట్టుకెళ్లింది. మొదటినుంచి చివరిదాకా, అనుబంధాలతో సహా, వేలు పెట్టి చదివింది.

రెండు వారాలకి ఉపసంచాలకులు విశ్వంభరరావు గారే స్వయంగా తనిఖీకి విచ్చేశారు. మనిషి పొడగరి. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మాట్లాడే అలవాటు. నూకరాజు బృందం నిలబడి, "మంచిదే, అయితే అందరికీ కాదు" అని ఒక్క గొంతుతో చెప్పింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇదండీ సమష్టి పఠన సంస్కృతి అంటే! ఇరవై ఐదేళ్లుగా నేను కలలుగన్న ఏకరూపత ఇదే!"

సరిగ్గా అప్పుడే మస్తాన్ వలీ మెడలో టేపుతోనే లోపలికొచ్చి, నాలుగో దరఖాస్తు ఆయన ముందు పెట్టాడు.

"చెప్పవయ్యా. సదరు నవల విషయమై నీ అభ్యర్థన ఏమిటి?"

"ముప్ఫై పేజీలండి. మిగతాదంతా చదివేశానండి."

"ఎంతవరకు చదివితివి? సంగ్రహంగా నివేదించు."

సంగ్రహంగా చెప్పడం వలీకి రాదు. అతనికి వచ్చింది చదివి వినిపించడమే. మొదలుపెట్టాడు. వరద ఎలా పెరిగిందో, పల్లపు పేటలో పిల్లల్ని అటకల మీదికి ఎలా ఎక్కించారో, పార్వతాలు కొంగు బిగించి లాకు చక్రం ఎలా తిప్పిందో, చేతులు ఎలా బొబ్బలెక్కాయో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. కామందు మనుషులు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. విచారణ పెట్టారు. మొగుడు తలవంచుకుని, తప్పు నాది కాదు, ఆడదానిది అని రాసిచ్చాడు. విశ్వంభరరావు గారు కళ్లజోడు తుడుచుకోవడం మర్చిపోయారు. ఆయన జీపు డ్రైవరు లోపలికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"రాసిచ్చాడా! రాసిచ్చి?"

"ఆ కాగితం నకలు పట్టుకుని ఇంటికొచ్చాడండి. పార్వతాలు అన్నం వడ్డించిందండి. వడ్డించి, ఎదురుగా కూర్చుని, మొగుడి మొహంకేసి చూసి..."

"చూసి? తర్వాత?"

"తర్వాత బీరువాలో ఉందండి."

ఉపసంచాలకులు సీలేసిన బీరువా వంక చూశారు. చేయి చాచబోయి, తన సంతకం ఉన్న ఉత్తర్వు గోడ మీద కనబడి, వెనక్కి తీసుకున్నారు. ఏ హోదాలో ఉన్నవారికైనను.

పిలవకుండా అధికారి ముందు మాట్లాడటం తులసీరత్నం ఎరగదు. అయినా లేచింది.

"సార్, పద్నాలుగు బి సార్."

"ఏమిటది?"

"దరఖాస్తుదారు అర్హతపై సందేహమున్నచో, విచారణాధికారి సదరు పుస్తకంతో సహా క్షేత్రస్థాయి విచారణ జరపవచ్చును అని ఉంది సార్. తమరు రాసిందే."

"ఊఁ. జరపవచ్చును. కానీ చదివితే మేము..."

"చదవకూడదనే ఉంది సార్. వినడం గురించి ఎక్కడా లేదు. అనుబంధాలు కూడా చూశాను."

విశ్వంభరరావు గారు ఆమెను ఎగాదిగా చూశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. "సందేహమున్నది! ఈ దరఖాస్తుదారు అర్హతపై మాకు తీవ్రమైన సందేహమున్నది! సీలు తీయించండి."

జీపు సందులోకి పట్టలేదు. మొదట్లోనే ఆపి నడిచారు. ముందు ఉపసంచాలకులు, వెనక పుస్తకాన్ని గుండెకి హత్తుకుని తులసీరత్నం, ఆ వెనక సాక్షులుగా నూకరాజు బృందం. కబురు ఎలా పాకిందో, సరోజినీ మాస్టారూ వీళ్లకంటే ముందే కిటికీ దగ్గరున్నారు. జైనబ్బీ ముసుగు సర్దుకుని, పెద్దాయనకి కుర్చీ వెయ్యమంది. కుర్చీ ఒక్కటే ఉంది. మిగతావాళ్లు గుడ్డల మూటల మీద కూర్చున్నారు.

వలీ మొహం కడుక్కొచ్చి, రవికగుడ్డ గుర్తు తీసి చదవడం మొదలుపెట్టాడు. ముప్ఫై పేజీలకీ గంటంబావు పట్టింది. మధ్యలో ఒకసారి నూకరాజు ముక్కు చీదుకున్నాడు, ఎరువుల ఘాటు అన్నాడు. సందులో ఆడవాళ్లు పిల్లల్ని గదమాయించారు. ఆఖరి పేరా దగ్గర వలీ గొంతు తగ్గించాడు. రేవులో పడవ, గుమ్మానికి తగిలించిన లాకు తాళాలు, మంచు. పడవ కదిలింది. అంతే.

ముందు తేరుకున్నది ఉపసంచాలకులు.

"ఎక్కలేదు," అన్నారు ఖండితంగా. "బాధ్యత గల స్త్రీ. చార్జి అప్పగించకుండా విధి నిర్వహణ స్థలం ఎట్లా విడిచిపెడుతుంది?"

"తాళాలు గుమ్మానికి తగిలించడమంటే చార్జి అప్పగించడమే కదా సార్!"

ఎవరా అని అందరూ తిరిగి చూశారు. తులసీరత్నం. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. కానీ ఇక ఆగలేదు. "ఎక్కింది సార్. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఎక్కింది."

"అలా చెప్పండి!" అంది సరోజిని కిటికీలోంచి.

"ఆధారం?" అన్నాడు మాస్టారు.

"ఆగండాగండి," అంది జైనబ్బీ. చేయెత్తి అందరినీ ఆపింది. "పార్వతాలు సంగతి సరే. మొగుడేడి?"

ఎవరికీ అర్థం కాలేదు.

"పడవ ఎక్కింది మొగుడు. పెళ్లాం మీద అబద్ధం రాసిచ్చినోడు ఇంక ఆ గట్టు మీద ఏ మొహంతో తిరుగుతాడు? ఆ తాళాలు పార్వతాలు తగిలించింది. ఎందుకు? ఆ ఇల్లు ఇప్పుడు ఆమెది, ఆ లాకూ ఆమెదే. రేపు పొద్దున్న లేచి చక్రం తిప్పాలి కదా, చేతికందే చోట పెట్టుకుంది."

మాస్టారు వలీ చేతిలోంచి పుస్తకం లాక్కుని ఆఖరి పేజీ చూశాడు. సరోజిని కిటికీ ఊచల్లోంచి తల దూర్చబోయింది. పదకొండుమంది నాలుగు ఆదివారాలు కొట్టుకున్నారుగానీ, ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు. మూడుసార్లు చదివిన తులసీరత్నానికీ తట్టలేదు.

"అదెట్లా కుదురుతుందమ్మా?" విశ్వంభరరావు గారు కుర్చీలోంచి లేచారు. "అతను సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి! హెడ్‌క్వార్టరు వదిలి వెళ్లరాదు!"

"అబద్ధాలు రాసేవాడు అది కూడా వదిలేస్తాడు బాబూ."

"నాకు మాత్రం ఆవిడ చెప్పిందే సబబుగా ఉందండి," అన్నాడు నూకరాజు. అని నాలిక్కరుచుకున్నాడు. ఆయన అపఠన ధ్రువీకరణ పత్రం ఆ క్షణాన చెల్లకుండా పోయింది. అంతలో లాడ్జీ యజమాని ఆయన మీద విరుచుకుపడ్డాడు. ఎక్కింది పార్వతాలే అని అతని వాదన.

ఉపసంచాలకులు ఆ రోజు మరో రెండు శాఖలు తనిఖీ చేయాల్సి ఉంది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆయన వెళ్లలేదు. పొద్దువాలాక, జైనబ్బీ ఇప్పించిన టీ తాగి, సందు మొదటిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, కిటికీలోంచి ఇంకొక పాయింటు చెప్పి వెళ్లారు.

పఠనాభిప్రాయ క్రమబద్ధీకరణ ఉత్తర్వులు నేటికీ రద్దు కాలేదు. కాకపోతే విచారణ పూర్తయ్యేదాకా బీరువాకి సీలు వెయ్యరాదని రాతపూర్వకంగా వచ్చింది. పాలవెల్లిపాలెంలో ఏ నవల ఎవరికిచ్చినా తులసీరత్నం రిజిస్టరులో 'క్షేత్రస్థాయి విచారణ నిమిత్తం' అని రాసి ఇస్తోంది. ఆదివారాలు ఆమె కూడా తగువులో కూర్చుంటోంది. కుర్చీలు పదమూడయ్యాయి. అయినా నూకరాజు బల్ల మీదే కూర్చుంటాడు.

విశ్వంభరరావు గారి నివేదిక చివరి వాక్యం ఇలా ఉంది: "విచారణ అసంపూర్తిగా ఉన్నందున మరల రావలసి ఉన్నది." ఆ ప్రకారం రెండు వారాలకొకసారి వలీ సందు మొదట్లో జీపు ఆగుతుంది. ఆయన దిగి, చంకలో ఒక నవలతో, చకచకా లోపలికి పోతారు. కొత్తగా కాపురానికొచ్చిన పక్కింటి పిల్ల అది చూసి భయపడి, అంత పెద్ద ఆఫీసరు మీ ఇంటికి ఊరికూరికే ఎందుకొస్తున్నాడు పిన్నీ అని అడిగింది.

జైనబ్బీ చేతికర్ర పట్టుకుని అప్పుడప్పుడే నాలుగడుగులు వేస్తోంది. గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయనకి కథలు సరిగ్గా అర్థం కావటం లేదంటమ్మా. కూర్చోబెట్టి చెబుతున్నాం."